సర్పి తల, తోక ఎందుకు కలవవు?

నడుం మీదో, రొమ్ము కిందో, వీపు మీదో ఒక పక్కన మంట మొదలవుతుంది. రెండు మూడు రోజుల్లో ఆ చోట చర్మం కంది, నీటి పొక్కులు గుత్తులుగా లేస్తాయి. వీపు నుంచి ముందుకు ఒక పట్టీలా సాగుతాయి. చూసినవాళ్లు ‘సర్పి’ అంటారు. ఏ జన్మలోనో పామును చంపిన దోషమంటారు. అది నడుం చుట్టూ తిరిగి తల, తోక కలిస్తే మనిషి దక్కడంటారు. కలవకముందే మంత్రం వేయించాలని రోగిని తీసుకుని పరుగెత్తుతారు.

ఈ భయానికి జవాబు మన వెన్నులోనే ఉంది. వెన్నెముక లోపల, పెద్దవాళ్లలో సుమారు 45 సెంటీమీటర్ల పొడవున వెన్నుపాము ఉంటుంది. దాని నుంచి 31 జతల నాడులు బయలుదేరతాయి. మెడ దగ్గర 8, ఛాతీ దగ్గర 12, నడుం దగ్గర 5, ఆ కింద 5, చిట్టచివర 1. ప్రతి జతలో ఒక నాడి కుడికి, ఒకటి ఎడమకు పోతుంది. నాడికి రెండు వేళ్లుంటాయి. ముందు వేరు కండరాలకు కదలమని ఆజ్ఞ మోస్తుంది. వెనక వేరు చర్మం నుంచి స్పర్శ, వేడి, నొప్పి కబుర్లు వెన్నుపాముకు చేరుస్తుంది. ఈ వెనక వేరు మీద నాడీకణాలు గుంపుగా ఉండే చిన్న ఉబ్బు ఉంది. దాన్ని గ్యాంగ్లియన్ అంటారు. సర్పి పుట్టేది అక్కడే.

చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వేరిసెల్లా జోస్టర్ వైరస్, పొక్కులు మానిపోయాక కూడా ఒంటిని వదలదు. గ్యాంగ్లియన్లలో చేరి ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉంటుంది. వయసు మీరినప్పుడు, క్యాన్సర్ మందులో, స్టెరాయిడ్లో, హెచ్‌ఐవీయో రోగనిరోధక శక్తిని దెబ్బతీసినప్పుడు అది మళ్లీ లేస్తుంది. సాధారణంగా ఒక్క గ్యాంగ్లియన్‌లోనే లేచి, ఆ నాడి వెంటే చర్మానికి చేరుతుంది. ముందు దెబ్బ తినేది నాడి గనక పొక్కుల కంటే ముందు నొప్పి వస్తుంది.

ఛాతీ నాడులు పక్కటెముకల వెంట వంపు తిరిగి ముందుకు వచ్చి, ఒంటి నడిమి గీత దగ్గర ఆగిపోతాయి. పొక్కులు పాములా వంపు తిరిగేది నాడి వంపు తిరగడం వల్ల. అవి నడిమి గీత దగ్గర ఆగేది నాడి అక్కడ ముగియడం వల్ల. అవతలి పక్కకూ రావాలంటే అవతలి గ్యాంగ్లియన్‌లో వైరస్ విడిగా లేవాలి. అది బహు అరుదు. నిరోధక శక్తి బాగా పడిపోయినవారిలో పొక్కులు ఒళ్లంతా వ్యాపించడమూ, ప్రాణం మీదికి రావడమూ ఉంది. ఆ ప్రమాదానికి కారణం నిరోధక శక్తి లేకపోవడమే. రెండు కొసలు కలవడానికీ చావుకూ ఏ సంబంధమూ లేదు.

ఇది ఊహ కాదు. 1900లో హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు వైద్యులు సర్పి వచ్చి, తర్వాత మరణించిన 21 మంది శరీరాలను పరీక్షించి, గ్యాంగ్లియన్ దెబ్బతిన్నట్టు చూపించారు. పొక్కులు ఎక్కడెక్కడ లేచాయో గుర్తించి, ఏ నాడి ఏ చర్మాన్ని ఏలుతుందో పటం గీశారు. వెన్నుకు దెబ్బ తగిలినవారిలో గాయం ఏ మట్టంలో ఉందో పోల్చడానికి వైద్యులు నేటికీ ఇలాంటి పటాలే వాడతారు. 1965లో హోప్ సింప్సన్ అనే ఇంగ్లండ్ ఊరి డాక్టరు, పదహారేళ్ల పాటు తన రోగుల వివరాలు రాసిపెట్టుకుని, ఆటలమ్మ వైరసే మళ్లీ లేచి సర్పి అవుతుందని వాదించాడు. తర్వాతి పరిశోధన ఆయన మాటే నిజమని తేల్చింది.

మరి మంత్రం వేయించుకున్నవాళ్లకు తగ్గింది కదా అంటారు. వారం పది రోజుల్లో పొక్కులు పక్కు కట్టి, రెండు నుంచి నాలుగు వారాల్లో మానిపోవడం ఈ జబ్బు స్వభావం. మంత్రం వేసినా వేయకపోయినా అంతే. తల, తోక కలవకుండా ఆపానని మంత్రగాడు చెప్పే మాటను ఎవరూ కాదనలేరు, ఎందుకంటే అవి మామూలుగా కలవనే కలవవు. సర్పమంత్రం అన్న మాటే వినని ఇంగ్లండ్ రోగుల పొక్కులూ నడిమి గీత దగ్గరే ఆగాయి. జరగనిదాన్ని జరగకుండా ఆపినందుకు ఇచ్చే దక్షిణ ఇది.

దక్షిణతోనే పోతే ఇంత చెప్పనక్కర్లేదు. పోయేది కాలం. ఎసైక్లోవిర్, వాలాసైక్లోవిర్ వంటి మందులు పొక్కులు లేచిన 72 గంటల్లోపు మొదలుపెడితే బాగా పనిచేస్తాయి. ఆ మూడు రోజులే మంత్రాలకూ పసర్లకూ పోతున్నాయి. పచ్చి పొక్కుల మీద పసర్లూ పేడా పూస్తే చీము పడుతుంది. కొందరికి, ముఖ్యంగా పెద్ద వయసువారికి, పొక్కులు మానినా నాడి నొప్పి నెలల తరబడి పోదు, బట్ట తగిలినా భగ్గుమంటుంది. నుదుటి మీద, ముక్కు కొన మీద లేస్తే కంటికి సోకి చూపే పోవచ్చు. ఇంత బాధలో ఉన్న మనిషిని పట్టుకుని ఏ పాము పగ నీకుందని అడగడం క్రూరత్వం.

పొక్కులు కనిపించిన రోజే డాక్టరు దగ్గరకు వెళ్లాలి. మానేదాకా వాటిని కప్పి ఉంచాలి. గర్భిణులకూ పసిబిడ్డలకూ దూరంగా ఉండాలి, వాళ్లకు ఆ పొక్కుల నుంచి ఆటలమ్మ అంటవచ్చు. యాభై దాటినవారికి టీకా కూడా ఉంది, రెండు మోతాదులు. ఈ సంగతి మంత్రం వేసే మనిషికీ చెప్పాలి. ఊరు ఆయన మాట వింటుంది గనక, ‘ముందు ఆసుపత్రికి పో’ అని ఆయన నోటే వస్తే ఒక ముసలమ్మ కన్ను దక్కుతుంది.