మన కారు - మన చేతులు

గత నెల ఇంజన్ ఆయిలు మార్చుకోవటం గురించి రాశాక, "మరి ఏ పనిముట్లు కొనమంటారు?" అని కొందరు మిత్రులు అడిగారు. జవాబుకి ముందు మాకు జరిగిన శాస్తి ఒకటి చెప్పుకోవాలి.

ఈ దేశం వచ్చిన కొత్తలో, రెసిడెన్సీ జీతంతో మెకానిక్కుకి ఇచ్చుకోలేక, ఎవరింటి ముందో గరాజు సేల్‌లో రెండు డాలర్లకి రెంచిల కట్ట కొన్నాం. (మన ఊళ్ళో స్పానరు, పానా అనేదే ఇక్కడ రెంచి.) డ్రెయిన్ ప్లగ్గు బిగుసుకుపోయి ఉంటే బలమంతా పెట్టి తోశాం. రెంచి జారింది. పిడికిలి ఇనుప చట్రానికి కొట్టుకుంది. కణుపుల మీద మూడు కుట్లు! గాయం మానేదాకా ఆపరేషన్ థియేటర్లోకి రావద్దన్నారు. మిగుల్చుకున్నది ఇరవై డాలర్లు, పోగొట్టుకున్నది పది రోజుల పని. ఆ రెంచిని మా ఆవిడ ఇంకా దాచి ఉంచింది, అవసరమైనప్పుడు చూపించటానికి.

"ఆడలేక మద్దెల ఓడు" అంటారు గాని, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడు. గుంటూరు మెడికల్ కాలేజీలో మా సీనియర్ ఒకాయన, ఆర్టరీ ఫోర్సెప్స్ మూసి వెలుగుకెత్తి కొసలు కలిశాయో లేదో చూడమనేవారు. ఇక్కడా అదే పద్ధతి.

సాకెట్లు లోపల ఆరు మూలలున్నవే కొనండి. అవి బోల్టు పక్కల్ని పట్టుకుంటాయి. పన్నెండు మూలలవి ఇరుకు చోట సులువుగా ఎక్కుతాయి గాని, బిగుసుకున్న బోల్టు మూలల్ని అరగదీస్తాయి. క్రోమ్ వెనేడియం ఉక్కు అన్న ముద్ర, లోతుగా చెక్కిన అంకెలు ఉన్నాయేమో చూడండి. చాలా పనులకి 3/8 అంగుళం డ్రైవు సెట్టు చాలు. చక్రాలకి 1/2 అంగుళం కావాలి.

సైజు దగ్గర "దాదాపు" పనికిరాదు. 13 మిల్లీమీటర్ల రెంచి అర అంగుళం బోల్టుకి చక్కగా ఎక్కినట్టే ఉంటుంది. అర అంగుళమంటే 12.7 మిల్లీమీటర్లే. జారటానికి ఆ సందు చాలు. జపాన్ కార్లకి 10, 12, 14, 17 సైజులు తరచు పడతాయి.

రెంచిని ఎప్పుడూ మన వైపుకి లాగాలి. తోయక తప్పకపోతే పిడికిలి బిగించకుండా అరచేత్తో తోయాలి. టార్క్ రెంచి బిగించటానికే, విప్పటానికి కాదు. పని అయ్యాక దాన్ని కనిష్ఠపు అంకెకి తిప్పి దాచాలి.

డబ్బు తక్కువైతే సెట్టులో సగం కొనండి, జాక్ స్టాండ్లు మాత్రం మానకండి. జాకీ కారుని లేపటానికే గాని నిలబెట్టటానికి కాదు. కాంక్రీటు దిమ్మెలు పగులుతాయి. గట్టి, చదునైన నేల మీద స్టాండ్లు పెట్టి, కారుని ఒకసారి కదిలించి చూసి, అప్పుడే కిందికి దూరండి.

మన చేతుల మీద ఇక్కడి పేషెంట్లే కాదు, నెలనెలా మన ఉత్తరం కోసం ఎదురుచూసే తల్లిదండ్రులూ ఆధారపడి ఉన్నారు. వచ్చే నెల బ్రేకుల సంగతి.