సహాయపాత్రలట! ఎవరికి సహాయం?

మొన్న మా వూళ్ళో ఒక సాహిత్య సభ జరిగింది. తెలుగు చలనచిత్ర చరిత్రపై ఒక మిత్రుడు గంటన్నర ప్రసంగించాడు. నాయకుల పేర్లు వచ్చాయి, దర్శకుల పేర్లు వచ్చాయి, నిర్మాణ సంస్థల జమాఖర్చులు కూడా వచ్చాయి. చివర గ్లాసెడు మంచినీళ్ళు తాగి, "ఇంకా ఎందరో సహాయనటులు తమ వంతు సేవ చేశారు" అని ఒక్క వాక్యంతో ఆ అధ్యాయం మూసేశాడు. నేను లేచి, ఆ ఎందరో ఎవరని అడిగాను. "మాస్టారూ, సినిమా నాయకుడి కళ. టిక్కెట్టు తెగేది అతని మొహం చూసి. తక్కినవాళ్ళ మీద జాలి వుండవచ్చు గాని, జాలి విమర్శ కాదు" అన్నాడు. హాలు చప్పట్లు కొట్టింది. నాకు రెండు నిమిషాల వ్యవధి ఇచ్చి, ఒకటిన్నర నిమిషానికే గంట కొట్టారు. ఆనాడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నన్ను బాధించింది ఆ మాట కాదు, అన్న మనిషి. ఆయన ఏ వ్యాపార పత్రికలోనో రాసేవాడైతే నేను పట్టించుకొని వుండను. ఆయన మనవాడు. శ్రీశ్రీ పుట్టిన వూళ్ళో, చరిత్రను కోటల మీంచి కాక వీధిలోంచి చూడాలని వేదికలెక్కి చెప్పేవాడు. అటువంటివాడు సినిమాహాల్లో అడుగుపెట్టేసరికి ఆ చూపును చెప్పులతోపాటు బయటే వదలి వెళ్తున్నాడు.

ముందు ఆ మాట సంగతి చూద్దాం. "సహాయనటుడు" అంటే ఎవరికి సహాయం? కథకా, నాయకుడికా? నేను కాలేజీలో ఏటా "కన్యాశుల్కం" పాఠం చెబుతాను. 1892లో తొలిసారి ఆడిన నాటకం. ఈనాడు మనం చదివేది 1909 నాటి రూపం. అందులో సహాయపాత్ర ఏదో చూపించమని నా మిత్రుణ్ణి అడుగుతున్నాను. గిరీశం నాయకుడా? మధురవాణి నాయికా? సారా దుకాణంలో కూచున్న బైరాగీ హెడ్డూ దుకాణదారుడూ ఎవరికి సహాయం చేస్తున్నారు? ఎవడి బతుకు వాడు బతుకుతున్నాడు, ఎవడి మాట వాడు మాట్లాడుతున్నాడు. గురజాడ గొప్పతనంలో సగం అక్కడ వుంది. 1955లో పి. పుల్లయ్యగారు దాన్ని సినిమాగా తీసినప్పుడు రామారావు గిరీశం వేశాడు, సావిత్రి మధురవాణి వేసింది. గోవిందరాజుల సుబ్బారావు, సి.ఎస్.ఆర్., విన్నకోట రామన్నపంతులు, సూర్యకాంతం వంటి ఉద్దండులు వున్నారు. అయినా నాటకంలో పదిమంది మధ్య పంచివుంచిన బరువు తెరమీద తారల వైపు వొరిగిపోయింది. అది నటుల దోషం కాదు. తార వున్నచోట కెమేరా తారనే చూస్తుంది, తక్కినవాళ్ళు ఆ చూపుకు పక్కన నిలబడతారు. "సహాయపాత్ర" పుట్టేది అక్కడ.

ఈ ఏడు క్లాసులో ఒకటి జరిగింది. లుబ్ధావధాన్లుగారి నౌకరు అసిరిగాడి మాటలు చదవమని ఒక కుర్రవాణ్ణి లేపాను. గాజువాక అవతలి పల్లెవాడు. తండ్రి ఉక్కు కర్మాగారంలో కాంట్రాక్టు కూలీ. ఆ మాటలు వాడికి ఇంటిమాటలు గనుక ఎక్కడా తడబడకుండా, ఎక్కడా నటించకుండా చదివాడు. క్లాసు గొల్లుమంది. ఒకడు, "ఒరేయ్, కమెడియన్‌గా పనికొస్తావురా!" అన్నాడు. కుర్రవాడూ నవ్వేశాడు. కాని మరునాడు లేచి చదవమంటే, ఎక్కడో టి.వి.లో విన్న యాసలో, మెడ బిగబట్టుకొని చదివాడు. వాణ్ణి అలా చేసిందెవరు? ఆ తరగతిలో మూడొంతుల మంది విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల పిల్లలే గదా! తమ తాతల మాట తమకే హాస్యంగా వినిపించేటట్టు వాళ్ళ చెవులను తయారు చేసిందెవరు?

తెలుగు సినిమాలో ఒక అలిఖిత వర్ణవ్యవస్థ వుంది. నాయకుడు కృష్ణా గుంటూరు జిల్లాల చదువుకున్నవారి భాష మాట్లాడతాడు. అతని నౌకరు శ్రీకాకుళం యాస మాట్లాడతాడు. దుర్మార్గుడికి తెలంగాణమో, రాయలసీమో కేటాయిస్తారు. 1985లో "ప్రతిఘటన"లో కోట శ్రీనివాసరావు కాశయ్య పాత్రను తెలంగాణ మాటతో నిలబెట్టినప్పుడు అందరమూ నివ్వెరపోయాం. అది మహానటన, కాదనే ధైర్యం నాకు లేదు. కాని ఆ భాష దుర్మార్గుడి నోటికే ఎందుకు దక్కింది? తెలంగాణ ప్రజలు ఆ ప్రశ్న గట్టిగా వేశారు, అందుకే అక్కడ పరిస్థితి మారింది. ఉత్తరాంధ్రలో మనం వేయలేదు. రావిశాస్త్రి తన కథల్లో ఈ భాషను కోర్టు బోనెక్కించి, దానిచేత పెద్దమనుషులను ఎడాపెడా ప్రశ్నలడిగించాడు. ఆ భాషకే సినిమాలో కాఫీకప్పులు అందించే పని దొరికింది.

నాయకుడు వేరే, సహాయకుడు వేరే, అది దైవనిర్ణయం అనేవారికి ఒక చిన్న ముచ్చట. 1955లో విజయావారు "మిస్సమ్మ"ను తెలుగులోనూ తమిళంలోనూ తీశారు. తెలుగులో డిటెక్టివు వేషం వేసింది అక్కినేని నాగేశ్వరరావు, అప్పటికే పేరుమోసిన కథానాయకుడు. తమిళంలో అదే వేషం వేసింది కె.ఎ. తంగవేలు. ఆయన హాస్యనటుడు. ఒకే కథ, ఒకే సంస్థ, ఒకే దర్శకుడు. ఆ పాత్ర ఇక్కడ తారదయితే అక్కడ "సహాయ"నటుడిదయింది. మరి పాత్ర పెద్దదా చిన్నదా? 1962లో "గుండమ్మ కథ" వచ్చింది. అందులో రామారావూ వున్నాడు, నాగేశ్వరరావూ వున్నాడు, చిత్రానికి మాత్రం సూర్యకాంతం వేసిన పాత్ర పేరు పెట్టారు. ఇద్దరు నాయకులు ఆ గయ్యాళి యింట్లో మసలుకోవడమే కథ. ఎవరు ఎవరికి సహాయం చేశారో మా మిత్రుడే తేల్చాలి. ఆ సూర్యకాంతానికి ఏ పద్మ పురస్కారమూ రాలేదు. విజయనగరంలో అగ్నిమాపక శాఖ ఉద్యోగం వదలి సినిమాకు పోయి, 1963లో "నర్తనశాల" కీచకుడితో జకార్తా దాకా పేరు తెచ్చిన ఎస్.వి. రంగారావుకూ రాలేదు. "మాయాబజార్" తెలుగు ఘటోత్కచుడూ ఆయనే, తమిళ ఘటోత్కచుడూ ఆయనే. నాయకుడు భాష దాటేసరికి మారిపోయాడు, ఈయన మారలేదు.

తమిళుల మాట వచ్చింది గనుక కాస్త నిలబడి చూద్దాం. అక్కడ స్వర్గం వుందని నేననను. అక్కడ నాయకారాధన ఏకంగా ప్రభుత్వాలనే నడిపింది. కాని ఆ సినిమా 1964లోనే "సర్వర్ సుందరం" తీసింది. నాగేశ్ వంటి బక్కపలచని హాస్యనటుణ్ణి మధ్యలో నిలబెట్టింది. హోటలు సర్వరు కథ, సినిమా హాస్యనటుడైనా మనసుపడ్డ పిల్ల దక్కని మనిషి కథ. 1977లో మద్రాసులో న. ముత్తుస్వామి "కూత్తుప్పట్టరై" అనే నాటకశాల పెట్టారు. పశుపతి, గురు సోమసుందరం, కళారాణి వంటివారు అక్కడినుంచి తెరకెక్కారు. విజయ్ సేతుపతి ఆ సంస్థలో లెక్కలు రాసే ఉద్యోగిగా వుండి నటన చూసి నేర్చుకున్నాడు. నాటకానికీ సినిమాకూ మధ్య వాళ్ళు ఒక వంతెన వుంచుకున్నారు. మనకూ ఒకప్పుడు వుండేది, మనమే కూల్చుకున్నాం.

ఆ వంతెన ఒక కొస విశాఖలోనే వుండేది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆరుబయలు రంగస్థలం మీద ఎందరు నటులు రూపొందారు! రంగారావనే ఉద్యోగి ఆ విశ్వవిద్యాలయంలోనే పనిచేస్తూ నాటకాలాడి, 1967లో బాపుగారి "సాక్షి"తో సినిమాకెక్కి, ఆ చిత్రం పేరే ఇంటిపేరుగా జీవితాంతం మోశాడు. జె.వి. సోమయాజులు, రమణమూర్తి సోదరులు కన్యాశుల్కాన్ని వూరూరా ఆడారు. రమణమూర్తి గిరీశాన్ని చూసినవాళ్ళు ఇంకో గిరీశాన్ని ఒప్పుకోరు. ఆయన 1957లో "ఎం.ఎల్.ఏ." చిత్రంలో కథానాయకుడుగానే మొదలుపెట్టాడు. తరువాత ఏమయింది? తండ్రి వేషాలు, ప్లీడరు వేషాలు. డిప్యూటీ కలెక్టరు సోమయాజులు 1980లో "శంకరాభరణం"తో దేశాన్ని కదిలించాడు. ఆ తరువాత పరిశ్రమ ఆయనకు మళ్ళీమళ్ళీ ఆ ఉత్తరీయమే కప్పింది. రంగస్థలం మీద ఆయన రామప్పపంతులు ఎంత కొంటెగా వుండేదో తెలిసినవాళ్ళకు ఇది ఎంత దుబారాయో తెలుస్తుంది.

అన్నిటికన్నా విచిత్రం గొంతుల కథ. విజయనగరం ప్రాంతంనుంచి పి.జె. శర్మ అనే నటుడు మద్రాసు వెళ్ళాడు. చిన్న వేషాలు వేస్తూ, ఇతరులకు గొంతు అరువిస్తూ సంసారం లాగాడు. ఆయన కొడుకు సాయికుమార్. ఏళ్ళ తరబడి రాజశేఖర్ అనే కథానాయకుడి ఆవేశమంతా సాయికుమార్ గొంతే. ఆ గొంతుకు జనం చప్పట్లు కొట్టారు, మొహం మాత్రం వేరొకరిది. తన మొహానికి తన గొంతు తానే తొడుక్కొని నాయకుడుగా నిలబడడానికి అతను కన్నడం పోవలసి వచ్చింది: 1996, "పోలీస్ స్టోరీ". ఇక తమ్ముడు రవిశంకర్. 2009లో "అరుంధతి" పశుపతి పాత్రకు పిల్లలు జడుసుకున్నారంటే అందులో సగం పంజాబునుంచి వచ్చిన సోనూసూద్ దేహం, సగం ఈ రవిశంకర్ కంఠం. గోడమీది బొమ్మలో ఏ సగం వుందో చెప్పనక్కరలేదు. బయటినుంచి నటులు రావద్దని నేననను, అది నా వాదం కాదు. మన గొంతు కావాలి, మన మొహం అక్కరలేదు అనే బేరం మీదనే నా కోపం.

ఇప్పుడు కూటి సంగతి. మా వూరు ఓడరేవు వూరు. ఒకప్పుడు రేవు కళాసీ పొద్దున్నే గేటు దగ్గర నిలబడేవాడు. మేస్త్రీ పిలిస్తే కూలి, లేకపోతే పస్తు. ఓడ రాకపోతే తప్పు కళాసీదా? దేశంలోని రేవు కార్మికులు ఏళ్ళ తరబడి పోరాడగా 1948లో చట్టం వచ్చింది. దాని కింద డాక్ లేబర్ బోర్డులు వచ్చాయి, పనిలేని రోజునా హాజరుకు వేతనం వచ్చింది. ఆ రోజుల్లోనే ప్రజానాట్యమండలి నటులు నిర్బంధాలకు చెదిరిపోయి మద్రాసు రైలెక్కారు. గరికపాటి రాజారావు 1953లో "పుట్టిల్లు" తీశాడు. జమునా అల్లు రామలింగయ్యా దానితోనే వచ్చారు. మిక్కిలినేని అప్పటికే వెళ్ళాడు. కార్మికుల హక్కుల మీద వూరూరా నాటకాలాడిన ఆ మనుషులే కోడంబాకంలో కళాసీల పాత స్థితికి చేరుకున్నారు: పిలిస్తే కాల్‌షీటు, లేకపోతే లేదు, నాయకుడికి జ్వరం వస్తే వీళ్ళకు పస్తు. సినిమా కార్మికుల ఉపాధికి చట్టం వచ్చేసరికి 1981 అయింది. కళాసీకన్నా ముప్పై మూడేళ్ళు వెనక!

ఈ మధ్యకాలంలో దాతృత్వం నడిచింది. రాజబాబు తన పుట్టినరోజున పాత హాస్యనటులను పిలిచి సన్మానించేవాడు. ఆ మనిషికి దణ్ణం పెడతాను. 1983లో, యాభై నిండకుండానే పోయాడు. ఒక హాస్యనటుడి జేబు మరో హాస్యనటుడికి పింఛను నిధి కావలసి రావడం ఒక పరిశ్రమకు గౌరవమా? ఇప్పటికీ అదే తీరు. రోగం వచ్చిన నటుడి బొమ్మ సెల్‌ఫోన్లలో తిరుగుతుంది, ఎవరో తార లక్షో రెండు లక్షలో పంపుతాడు, ఆ పంపడం వార్త అవుతుంది. హక్కుగా రావలసింది బిచ్చంగా వస్తున్నది. మనం దాన్ని పెద్దమనసు అని రాస్తున్నాం.

మద్రాసు నడిగర్ సంఘంలో 2015లో ఎన్నిక జరిగితే నాజర్ అధ్యక్షుడయ్యాడు. ఆయన నాయకవేషాల మనిషి కాదు, గుణచిత్ర నటుడు. ఆ ఎన్నికలో వూళ్ళలోని నాటక కళాకారుల ఓట్లు ఎవరికి పడతాయనేది ప్రధాన విషయమైంది. మన "మా" సంఘానికి 2021లో ఎన్నిక జరిగితే పోటీలో నిలబడ్డ గుణచిత్ర నటుడు ప్రకాశ్‌రాజ్ మీద ప్రధానంగా వినిపించిన అభ్యంతరం స్థానికుడు కాడన్నది. గెలిచింది కథానాయకుడు. సరే, ఎవరు గెలిచినా నాకు ఒకటే. స్థానికత మీద అంత ప్రేమ పుట్టుకొచ్చిన ఆ రోజుల్లో, స్థానిక భాషకు తెరమీద దక్కే గతి గురించి ఒక్కరైనా అడిగారేమోనని నేను పత్రికలన్నీ తిరగేశాను. నా కంట పడలేదు.

మార్కెట్టు అంటాడు మిత్రుడు. టిక్కెట్టు మొహం చూసి తెగుతుందట. 2018లో మన కంచరపాలెంలోనే ఒక చిత్రం తీశారు, "కేరాఫ్ కంచరపాలెం". వేషాలు వేసినవారిలో అత్యధికులు ఆ పేట మనుషులు, ఎన్నడూ కెమేరా ముందు నిలబడనివాళ్ళు. కథానాయకుడు ఒక ఆఫీసులో అటెండరు, దాదాపు యాభై ఏళ్ళవాడు. వేరే ఏ చిత్రంలోనైనా ఆ మనిషి ట్రే పట్టుకొని వచ్చి, ట్రే పెట్టి, వెళ్ళిపోతాడు. ఇక్కడ అతని ప్రేమ, అతని సిగ్గు, అతని మాట తెరంతా నిండాయి. జనం చూశారు, రాష్ట్రం బయటి తెలుగువాళ్ళూ చూశారు. ఒక్క చిత్రంతో పరిశ్రమ మారదు, నిజమే. కాని ఆ మాట ప్రేక్షకుడికి పట్టదనే వాదం ఇక చెల్లదు.

మన తప్పు కూడా రాసుకోవాలి. మన పత్రికల్లోనే "ఉత్తరాంధ్ర రంగస్థలం నుంచి సినిమాకు" అన్న విషయం మీద నిలిచే వ్యాసాలు ఎన్ని వచ్చాయో లెక్కపెడితే ఒక చేతి వేళ్ళు చాలు. నటుడి కళను పరిశీలించడం మనకు రాదు. కథ ప్రగతిశీలమా కాదా అని తేల్చి లేచిపోతాం. సూర్యకాంతం ఎడమచెయ్యి ఆడించే తీరులో ఒక యుగపు ఇంటి పెత్తనమంతా వుందని మనలో ఎవరు విప్పి చెప్పారు? ఆ పని సినిమా పత్రికలవాళ్ళూ చేయలేదు, మనమూ చేయలేదు.

మిత్రుడు వచ్చే సభలో మళ్ళీ మాట్లాడతాడట. నేను ఒక జాబితా తయారు చేసి పంపుతున్నాను, పేరుపేరునా, వేషం వేషంగా. ఈసారి గంట కొట్టినా దిగనని కార్యదర్శికి ముందే చెప్పాను.

ఇంకొకటి. కాలేజీ వార్షికోత్సవానికి కన్యాశుల్కంలో ఒక రంగం వేయిస్తున్నాను. అసిరిగాడి వేషం గాజువాక కుర్రవాడికి ఇద్దామనుకున్నాను. వాడు వొద్దన్నాడు. గిరీశం వేస్తానన్నాడు. సరేనన్నాను. ఏ యాసలో చెప్పాలి మాస్టారూ అని అడిగాడు. గిరీశం ఏ వూరివాడురా అన్నాను. రిహార్సలు రేపు సాయంత్రం అయిదింటికి.