ఎనభై సెంటీమీటర్ల జాకెట్ ముక్క

చీరతో కలిసి వచ్చే జాకెట్ ముక్క మామూలుగా 80 సెంటీమీటర్లు ఉంటుంది. పన్నా 45 అంగుళాలు అనుకుందాం. ఛాతీ కొలత 36 అయితే అందులో నాలుగో వంతు 9 అంగుళాలు. కుట్టుకూ, లోపల వదిలే మార్జిన్‌కూ ఇంకో 2 కలిపితే 11. ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు భాగాలకు 44. పన్నాలో చక్కగా ఇమిడిపోతుంది, కింద మిగిలిన గుడ్డలో చేతులు తీసుకోవచ్చు. ఇదే లెక్క 46 ఛాతీకి వేసి చూడండి. ఒక్కో భాగం పదమూడున్నర, నాలుగూ కలిపితే 54. పన్నా దాటిపోతుంది, చేతులకు గుడ్డ చాలదు.

మహబూబాబాద్ జిల్లా తొర్రూరులో మిషన్ కుట్టే ఏ అక్కకైనా ఈ లెక్క కాగితం అక్కర్లేకుండా వచ్చు. ఆది జాకెట్‌ను బల్ల మీద పరిచి, చీర ముక్క పక్కన పెట్టి, ఒక్క చూపులో తేల్చేస్తుంది: "ముక్క ఎల్లదక్కా, చేతులకు వేరే గుడ్డ తెచ్చుకో." లేదంటే చంక కింద కనపడకుండా అతుకు వేస్తుంది, అంచును చేతులకు మిగల్చడానికి వీపు భాగాన్ని అడ్డంగా తిప్పి కోస్తుంది. తక్కువ పడింది గుడ్డే. మాట పడేది మాత్రం మనిషి. ఆ మాట టైలరు అనదు, పక్కన వంతు కోసం కూర్చున్నవాళ్లు అంటారు: "పెండ్లినాడు ఎట్లుంటివే, గిట్ల దొడ్డుగైతివేంది?"

లావుగా ఉన్న ఆడవాళ్లకు ఆత్మవిశ్వాసం తక్కువని, దాన్ని పెంచాలని పత్రికల మహిళా పేజీలు ఏళ్లుగా చెబుతున్నాయి. నిలువు చారలు కట్టు, ముదురు రంగులు వేసుకో, పెద్ద పూల జోలికి పోకు అని సలహాలు ఇస్తున్నాయి. ఈ సలహాలన్నిటి సారం ఒకటే: ఉన్న ఒంటిని లేనట్టు చూపించు. చెయ్యి పైకి ఎత్తితే చంకలో పట్టేసే జాకెట్ వేసుకుని, పెళ్లిలో అక్షింతలు వేయడానికి కూడా జంకే మనిషికి ధైర్యం నూరిపోసి లాభం లేదు. ఆమెకు కావలసింది చంక చుట్టుకొలతలో ఇంకో అంగుళం.

ఇది నలుగురైదుగురి సమస్య అయితే దుకాణదారును తప్పు పట్టలేం. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల మహిళల్లో బాడీ మాస్ ఇండెక్స్ 25, అంతకు పైన ఉన్నవారు దేశం మొత్తం మీద 24 శాతం. తెలంగాణలో 30.1 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం. ఇండెక్స్ 25 దాటిన ప్రతి ఒక్కరికీ పెద్ద సైజు కావాలని కాదు గానీ, మార్కెట్ ఎటు చూడాలో చెప్పడానికి ఈ అంకెలు చాలు. ఇదే సర్వేలో తెలంగాణ మహిళల్లో దాదాపు 19 శాతం ఉండవలసిన దానికన్నా సన్నగా ఉన్నారు. ఒకే వీధిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో, రెండు రకాల వాళ్లూ ఉంటారు. రెడీమేడ్ కుర్తీల స్టాండు మాత్రం చాలా దుకాణాల్లో డబుల్ ఎక్సెల్ దగ్గర ఆగిపోతుంది. ఆ పైన దొరికినా నలుపో, ముదురు నీలమో.

బరువుకు ఆరోగ్యంతో సంబంధం లేదని ఇక్కడ ఎవరూ అనడం లేదు. షుగరు, బీపీ, థైరాయిడ్ ఉన్నాయి, కాన్పు తర్వాత తగ్గని బరువు ఉంది. ఆ మాట డాక్టరు గదిలో మాట్లాడుకోవలసింది. బట్టల కొట్టు కౌంటరు దగ్గర కాదు. బరువు తగ్గేదాకా కొత్త చీర కొనను, ఫొటో దిగను అని వాయిదా వేసుకుంటూ పోయే ఆడవాళ్లు ప్రతి ఇంటి చుట్టరికంలోనూ కనిపిస్తారు.

సినిమా కూడా ఈ విషయంలో పెద్దగా సాయపడలేదు. తెలుగు తెర మీద లావుపాటి ఆడమనిషంటే గయ్యాళి అయినా కావాలి, నవ్వులపాత్ర అయినా కావాలి. 1962 నాటి 'గుండమ్మ కథ'లో సూర్యకాంతం ఆ గయ్యాళితనాన్నే రాజసంగా మార్చుకుని ఇంటి పెత్తనమంతా చేసింది, అది ఆమె గొప్పతనం. 2006లో వచ్చిన 'కితకితలు'లో గీతా సింగ్ కథానాయికే, కానీ నవ్వంతా ఆమె ఒంటి చుట్టూ తిరిగింది. 2015లో 'సైజ్ జీరో' కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. బరువు తగ్గిస్తామని మోసం చేసే క్లినిక్కును ఆ కథలో ప్రతినాయక స్థానంలో పెట్టారు. సినిమా ఆడలేదు. ఆ తర్వాత ఏళ్ల తరబడి అనుష్క నటన కన్నా ఆమె తూకమే ఎక్కువ వార్త అయింది. ఆ సినిమా వచ్చిన మరుసటి ఏడాది, 2016లో, లాక్మే ఫ్యాషన్ వీక్ ప్లస్ సైజు మోడళ్లతో ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. మోడల్ వర్షిత తటవర్తి డిజైనర్ సబ్యసాచి ప్రకటనల్లో నిండైన విగ్రహంతో కనిపించింది. మంచిదే. అయితే ముంబయి ర్యాంపుకూ తొర్రూరు స్టాండుకూ మధ్య ఉన్న దూరం ఫొటోలతో తగ్గదు.

అసలు పెద్ద సైజుల వ్యాపారం ఎలా మొదలైందో చూస్తే దారి కనిపిస్తుంది. లిథువేనియా నుంచి న్యూయార్క్ వలస వెళ్లిన లీనా బ్రయంట్ చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది. చెవుల వజ్రాల కమ్మలు కుదువబెట్టి కుట్టుమిషన్ కొనుక్కుంది. 1904లో సొంత దుకాణం తెరిచింది. బ్యాంకు కాగితంలో పేరు తప్పు పడి లీనా కాస్తా లేన్ అయింది, 'లేన్ బ్రయంట్' అలాగే నిలిచిపోయింది. లావుపాటి ఆడవాళ్లకు బట్టలు కుట్టాలనుకున్నప్పుడు ఆ సంస్థ ముందు నినాదం రాసుకోలేదు, టేపు పట్టుకుంది. దుకాణానికి వచ్చిన సుమారు 4,500 మంది కొలతలు తీసింది, బీమా కంపెనీ దగ్గరున్న వివరాలు కూడా తెప్పించుకుంది. లావులో కూడా రకాలున్నాయని అప్పుడు తేలింది: ఒకరికి భుజాలు, ఒకరికి తుంట్లు, ఒకరికి పొట్ట. ఒకే నమూనాను అన్ని వైపులా సాగదీస్తే ఎవరికీ పట్టదు.

మన దగ్గర ఆ పని చాలా ఆలస్యంగా మొదలైంది. భారతీయుల ఒంటికి తగిన సైజు చార్టు లేక కంపెనీలు బ్రిటన్, అమెరికా చార్టులనే అటూ ఇటూ సర్ది వాడుతూ వచ్చాయి. అందుకే ఒక బ్రాండులో ఎక్సెల్ అయిన మనిషి ఇంకో బ్రాండులో త్రిబుల్ ఎక్సెల్ అవుతుంది. దీన్ని సరిచేయడానికి కేంద్ర జౌళి శాఖ, జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ (నిఫ్ట్) కలిసి 'ఇండియా సైజ్' సర్వే తలపెట్టాయి. 15 నుంచి 65 ఏళ్ల మధ్య వయసున్న 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలన్నది లక్ష్యం. ఎంచుకున్న ఆరు నగరాల్లో హైదరాబాద్ ఒకటి.

స్కానరు తొర్రూరు దాకా రాకపోవచ్చు, టేపు ఎప్పుడో వచ్చింది. ఈ ఊరున్న పాలకుర్తి నియోజకవర్గంలో మహిళలకు కుట్టు శిక్షణ పెద్ద ఎత్తున నడిచింది. 2017 అక్టోబరులో గీసుగొండ, సంగెం మండలాల్లో శంకుస్థాపన జరిగిన కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కులో ఇలాంటి శిక్షణ పొందినవారికి పని దొరుకుతుందన్న ఆశ ఉంది. అక్కడికి వచ్చిన కిటెక్స్ కంపెనీ కుట్టేది చంటిపిల్లల బట్టలు, అదీ ఎగుమతికి. ఊళ్లో ఉన్న 46, 48 సైజుల అక్కలకు కుట్టేది మాత్రం ఇంటి వరండాలో మిషన్ పెట్టుకున్న మనిషే. అయినా శిక్షణలో ఎక్కువగా నేర్పే నమూనా 34, 36లదే. పెద్ద ఛాతీకి డార్టు ఎక్కడ పడాలి, కటోరి ఎంత లోతు తీయాలి, లావుపాటి చేతికి చంక దగ్గర ఎంత వదులు ఇవ్వాలి అన్నవి ఆమె నాలుగు జాకెట్లు పాడుచేసి నేర్చుకుంటుంది.

చీర కొలత మార్చడం అసాధ్యమేమీ కాదు. 2017లో మొదలైన బతుకమ్మ చీరల పథకంలో ప్రభుత్వం సిరిసిల్ల మరమగ్గాల మీద కోటి దాకా చీరలు నేయించింది. గోచి పోసి కట్టే పెద్ద వయసు ఆడవాళ్లకు మామూలు చీర చాలదని గుర్తించి, వాళ్ల కోసం 9 మీటర్ల చీరలు విడిగా నేయించింది. అంత లెక్క చూసినవాళ్లకు జాకెట్ ముక్కను ఇంకో పాతిక సెంటీమీటర్లు పెంచడం కష్టమా? టోకు వ్యాపారులు అడిగితే సూరత్ మిల్లులూ వింటాయి.

దీనికన్నా ముందు చేయగలిగింది ఇంకొకటి ఉంది. ప్రభుత్వ బడి పిల్లల యూనిఫారాలు ఇప్పుడు మహిళా సంఘాల సభ్యులే కుడుతున్నారు. జతకు 50 రూపాయలున్న కూలిని 2024లో 75కు పెంచారు. కొలతలు తీసేది బళ్లోనే. తొమ్మిదో తరగతి పిల్ల నడుము కొలతను ఒకరు గట్టిగా చదివితే ఇంకొకరు రాసుకోవడం, వెనక బెంచీలో నవ్వులు, ఆ పిల్ల ఏడాదంతా చున్నీ మెడ దాకా కప్పుకోవడం, ఇవన్నీ ఇక్కడే మొదలవుతాయి. కొలతలు పక్క గదిలో తీయాలి, అంకె పైకి చదవకూడదు, పెరిగే పిల్లకు లోపల రెండు అంగుళాల మార్జిన్ వదలాలి. ఈ మూడింటికీ జీవో అక్కర్లేదు, బడి తెరిచే ముందు మహిళా సంఘాల మండల సమాఖ్య సమావేశంలో ఒకసారి అనుకుంటే సరిపోతుంది.