చౌక కంప్యూటర్ నిజంగా చౌకేనా?

పదిహేను వేల రూపాయల లోపు ధరకే మానిటరుతో సహా డెస్క్‌టాప్ కంప్యూటర్ ఇస్తామన్న ప్రచారం మధ్యతరగతి కుటుంబాలను, చిన్న వ్యాపారులను బాగా ఆకర్షిస్తోంది. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్ మొదలు చెన్నైలోని రిచీ స్ట్రీట్, సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వరకు ఇటువంటి యంత్రాలకు కొదవ లేదు. పిల్లల చదువుకో, దుకాణం లెక్కలకో ఇంట్లో ఒక కంప్యూటర్ అవసరమన్నది నిర్వివాదాంశం. అయితే ఆ ధరకు వచ్చిన యంత్రం ఎన్నేళ్లు పని చేస్తుందన్న ప్రశ్నకు మాత్రం విక్రేతలు సూటిగా సమాధానం చెప్పడం లేదు.

దేశంలో కంప్యూటర్ ఇప్పటికీ అందరికీ అందిన వస్తువు కాదు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతానికి, పట్టణ కుటుంబాల్లో 23.4 శాతానికి మాత్రమే కంప్యూటర్ ఉంది. సెల్‌ఫోన్ ఇంటింటికీ చేరినా, పెద్ద వ్యాసం టైపు చేయడానికి, లెక్కల పట్టికలు తయారు చేయడానికి, ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి అది చాలదు. అందువల్లనే తక్కువ ధర యంత్రాలకు గిరాకీ తగ్గడం లేదు.

ధర తగ్గించి కంప్యూటర్‌ను సామాన్యుడి చెంతకు చేర్చాలన్న ప్రయత్నాలు కొత్తవేమీ కావు. 2005లో హెచ్‌సీఎల్ సంస్థ 9,990 రూపాయలకే కంప్యూటర్‌ను విడుదల చేసింది. 2011 అక్టోబరు 5న కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం 'ఆకాశ్' టాబ్లెట్‌ను అట్టహాసంగా ఆవిష్కరించింది. వేగం లేదని, తెర సరిగా స్పందించడం లేదని విమర్శలు వెల్లువెత్తడంతో ఆకాశ్ ప్రతిష్ఠ ఎంతో కాలం నిలవలేదు. ధర తగ్గినంత మాత్రాన ప్రయోజనం దక్కదని అప్పుడే తేలింది.

రెండు పరిణామాల ప్రభావం

ప్రస్తుత కొనుగోలుదారుపై రెండు పరిణామాల ప్రభావం ఉంది. మొదటిది, మైక్రోసాఫ్ట్ సంస్థ 2025 అక్టోబరు 14తో విండోస్-10కు సాధారణ మద్దతు నిలిపివేయడం. వ్యక్తిగత వినియోగదారులు నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు భద్రతా సవరణలు అందిస్తామని అప్పట్లో ప్రకటించింది. తర్వాతి తరమైన విండోస్-11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు తప్పనిసరి. ఇంటెల్ ప్రాసెసర్లలో, కొద్దిపాటి మినహాయింపులు తప్ప, ఎనిమిదో తరం నుంచి వచ్చిన వాటికే అధికారిక ఆమోదం ఉంది. ఈ నిబంధనకు నిలవలేని కార్యాలయ యంత్రాలు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌కు తరలివస్తున్నాయి. వాటి ధర తక్కువగా ఉండడానికి ఇదొక ముఖ్య కారణం.

రెండవది మెమొరీ చిప్‌ల కొరత. ప్రపంచంలో ఈ చిప్‌ల ఉత్పత్తి ప్రధానంగా శామ్‌సంగ్, ఎస్‌కే హైనిక్స్, మైక్రాన్ సంస్థల చేతిలో ఉంది. కృత్రిమ మేధ కేంద్రాల అవసరాలకు ఈ సంస్థలు ప్రాధాన్యమివ్వడంతో 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు భగ్గుమన్నాయి. వినియోగదారులకు నేరుగా అమ్మే 'క్రూషియల్' వ్యాపారం నుంచి తప్పుకొంటున్నట్లు 2025 డిసెంబరులో మైక్రాన్ ప్రకటించడం పరిస్థితి తీవ్రతకు నిదర్శనం. 'ఇప్పుడు 4 జీబీతో కొని, తర్వాత పెంచుకుందాం' అన్న పాత ఆలోచన అందుచేత ప్రమాదకరంగా మారింది. పైగా పాత యంత్రాల్లోని డీడీఆర్-3 రకం ర్యామ్ కొత్త మదర్‌బోర్డులకు అమరదు.

పేరు ఒకటే, వయసు వేరు

ప్రకటనల్లో ఎక్కువగా కనిపించే మాట 'కోర్ ఐ5'. ఈ పేరుతో ఇంటెల్ 2009 నుంచి ప్రాసెసర్లు విడుదల చేసింది. కనుక ఆ పేరొక్కటే యంత్రం వయసును చెప్పదు. దాని పక్కనున్న అంకెలు కీలకం. ఐ5-3470 అంటే మూడో తరానికి చెందిన 2012 నాటిది. ఐ5-8500 అంటే ఎనిమిదో తరానికి చెందిన 2018 నాటిది. మొదటిది విండోస్-11 ఆమోదిత జాబితాలో లేదు. నిబంధనలను తప్పించి అందులో విండోస్-11 ఎక్కించి ఇచ్చే విక్రేతలు లేకపోలేదు. అటువంటి యంత్రాలకు భవిష్యత్తులో సవరణలు అందుతాయన్న హామీ ఏదీ ఇవ్వలేమని మైక్రోసాఫ్ట్ ముందే స్పష్టం చేసింది.

రంగురంగుల దీపాలు అమర్చిన కొత్త క్యాబినెట్‌లో పదేళ్ల నాటి ప్రాసెసర్‌ను బిగించి 'కొత్త కంప్యూటర్' అని అమ్మడం మరో తంతు. పైన పటారం, లోన లొటారం అన్న సామెత వీటికి సరిగ్గా సరిపోతుంది. పెట్టె కొత్తది, ప్రాణం పాతది. లోపల బిగించిన పవర్ సప్లై నాసిరకమైతే, వోల్టేజీ హెచ్చుతగ్గులకు అది తాను చెడిపోవడమే కాక మదర్‌బోర్డును, డిస్క్‌ను కూడా వెంట తీసుకుపోయే ప్రమాదముంది.

పాత హార్డ్‌డిస్క్ స్థానంలో ఎస్‌ఎస్‌డీ అమరిస్తే సాధారణ పనుల్లో వేగం గణనీయంగా పెరుగుతుంది. విండోస్-11కు 4 జీబీ ర్యామ్ కనీస అర్హత మాత్రమే. సౌకర్యంగా పని సాగాలంటే 8 జీబీ ఉండడం మేలు. ఈ రెండూ ఉన్న ఎనిమిదో తరం పాత యంత్రం, ఈ రెండూ లేని నాసిరకం కొత్త యంత్రం కంటే ఎన్నో రెట్లు నయం.

బిల్లులో కనిపించని ఖర్చు

ధరతో పాటు లెక్కించవలసిన ఖర్చులు ఇంకా ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు ఉన్నట్లు డెస్క్‌టాప్‌కు సొంత బ్యాటరీ ఉండదు. కరెంటు కోతలున్న ఊళ్లలో యూపీఎస్ తప్పదు. దాని బ్యాటరీని కొన్నేళ్లకొకసారి మార్చాలి. విండోస్‌కు లైసెన్సు ఉన్నదీ లేనిదీ తెలుసుకోకపోతే ఆ భారమూ కొనుగోలుదారుపైనే పడుతుంది.

లైసెన్సు ఖర్చు వద్దనుకునేవారికి లినక్స్ ఉచితంగా లభిస్తుంది. కేరళ ప్రభుత్వ పాఠశాలలు ఏళ్ల తరబడి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ విద్య నేర్పుతున్నాయి. కాగా, కేవలం విండోస్‌పైనే నడిచే అకౌంటింగ్ ప్యాకేజీ వాడే వ్యాపారికి ఈ మార్గం అనుకూలించదు. రిలయన్స్ సంస్థ 2025లో 'జియో పీసీ' పేరుతో నెలవారీ అద్దె పద్ధతిని ప్రవేశపెట్టింది. ప్రారంభంలో నెలకు 599 రూపాయలు, పన్ను అదనం. పన్ను మినహాయించినా ఏడాదికి 7,188 రూపాయలవుతుంది. ఇంటర్నెట్ ఆగితే పని ఆగుతుంది. చెల్లింపు ఆపితే చేతిలో యంత్రం మిగలదు.

విధానాల పరిధి

చౌక యంత్రాల విషయంలో ప్రభుత్వం చేయగలిగినదెంత అన్నది మరో ప్రశ్న. 1996 నాటి సమాచార సాంకేతిక ఒప్పందంలో భారత్ భాగస్వామి కావడం వల్ల కంప్యూటర్లపై మౌలిక దిగుమతి సుంకం లేదు. కనుక సుంకం తగ్గించి ధర దించే వీలు లేదు. 18 శాతం జీఎస్‌టీ మాత్రం ఉంది. కొత్త యంత్రానికి పన్నుతో కలిపి 15,000 రూపాయలు చెల్లిస్తే, అందులో సుమారు 2,290 రూపాయలు పన్నే. దేశీయ తయారీని పెంచేందుకు కేంద్రం 2023లో 17,000 కోట్ల రూపాయల ప్రోత్సాహక పథకాన్ని ఆమోదించింది. చిప్‌ల కోసం విదేశాలపై ఆధారపడినంత కాలం దాని ఫలితం చౌక యంత్రాల ధరల్లో ప్రతిఫలిస్తుందని ఆశించడం కష్టం.

చట్టం మాత్రం కొనుగోలుదారు పక్షాన ఉంది. పాత వస్తువును, మరమ్మతు చేసిన వస్తువును కొత్తదని నమ్మించి అమ్మడాన్ని 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వాణిజ్య విధానంగా పేర్కొంది. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ కోవలోకే వస్తుంది. బిల్లు మీద ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్, డిస్క్ వివరాలు, వారంటీ గడువు రాయించుకుంటేనే ఈ రక్షణ అక్కరకు వస్తుంది. 'బిల్లు లేకుండా అయితే తగ్గిస్తాం' అన్న బేరానికి ఒప్పుకుంటే, రేపు ఫిర్యాదు చేయడానికి కావలసిన ఆధారాన్ని చేజేతులా వదులుకున్నట్లే.

ఉదాహరణకు, 10,000 రూపాయలకు కొన్న యంత్రం రెండేళ్లకే మూలపడితే ఏటా 5,000 రూపాయలు ఖర్చయినట్లు లెక్క. 18,000 రూపాయలకు కొన్నది ఆరేళ్లు పని చేస్తే ఏటా అయ్యే ఖర్చు 3,000 రూపాయలే. ఈ లెక్క వేసుకోకుండా కొన్న చౌక యంత్రం భారం చివరికి తక్కువ ఆదాయం గల కుటుంబంపైనే పడుతుంది. రెండోసారి కొనే స్తోమత లేనిది ఆ కుటుంబానికే కదా. భద్రతా సవరణలు అందే ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, కనీసం ఏడాది వారంటీ, పక్కా బిల్లు ఉంటే, పాతదైనా సరే, తక్కువ ధర యంత్రం కొనదగినదే. ఇవి లేనప్పుడు మరికొన్ని నెలలు ఆగి డబ్బు కూడబెట్టుకోవడం శ్రేయస్కరం.