తడిసిన బరి

నల్లరేగడి తడిస్తే కాలికి చెప్పు నిలవదు. అందుకే వానాకాలంలో మా గుంటూరు, ప్రకాశం పల్లె బళ్లలో కబడ్డీ ఆడే పిల్లలు ఉత్త కాళ్లతోనే బరిలోకి దిగుతారు. కూతకొచ్చినవాణ్ణి నలుగురూ కలిసి పడేస్తే మోకాళ్లు, మోచేతులు చెక్కుకుపోతాయి. నెత్తురు కనబడితే ఆ మట్టే చిటికెడు తీసి గాయానికి అద్దుకుని మళ్లీ ఆటకొస్తారు. ముప్పై ఏళ్లుగా సూక్ష్మజీవుల ల్యాబ్‌లో పనిచేస్తున్నా, ఆ చిటికెడు మట్టి గురించి నేను పెద్దగా ఆలోచించలేదు. 2025 సెప్టెంబరు నుంచి ఆలోచిస్తున్నాను.

గుంటూరు పక్కనే ఉన్న తురకపాలెంలో ఆ ఏడాది కొద్ది నెలల్లోనే 20 మందికి పైగా చనిపోయారు. మెలియాయిడోసిస్ కావచ్చన్న అనుమానంతో ప్రభుత్వం ఊళ్లోకి వైద్య బృందాలను పంపి పరీక్షలు చేయించింది. ఆ చావులన్నిటికీ అదే కారణమని నేను అనడం లేదు. ఆ జబ్బు పేరు మన ఊళ్లలో వినబడటానికి అన్ని చావులు కావలసి వచ్చాయన్నదే నన్ను కలవరపెడుతోంది.

ఎందుకంటే ఇది కొత్త జబ్బు కాదు. 1912లోనే రంగూన్‌లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే వైద్యులు దీని గురించి రాశారు. దీనికి కారణమైన బర్ఖోల్డేరియా సూడోమల్లీ అనే బాక్టీరియా మట్టిలో, నిలవ నీటిలో బతుకుతుంది. ఎండల్లో లోపలి పొరల్లో ఉండి, వానలకు పైకి వస్తుంది. గీరుకున్న చర్మంలోంచో, పీల్చిన తుంపరలోంచో, మింగిన నీళ్లలోంచో ఒంట్లో చేరుతుంది. 2016లో అచ్చయిన అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా 1,65,000 మందికి సోకుతోంది, 89,000 మంది చనిపోతున్నారు. ఆ రోగుల్లో 44 శాతం దక్షిణాసియావాళ్లే. కర్ణాటకలోని మణిపాల్ వైద్యులు ఏళ్లుగా దీన్ని వెతుకుతున్నారు. వెతికినచోట దొరుకుతోంది.

ఆడే పిల్లలను ఇది పెద్దగా చంపదు. ఈ మాట ముందే చెప్పాలి. ఆస్ట్రేలియా ఉత్తర ప్రాంతంలో 24 ఏళ్లలో 45 మంది పిల్లల్లో ఈ జబ్బు కనిపిస్తే, పదిలో ఆరుగురికి అది చర్మం మీద పుండుగానే వచ్చింది. చాలామందికి వేరే జబ్బేమీ లేదు. ప్రాణాలు ఎక్కువగా పోయేది షుగర్ ఉన్న పెద్దలకు. సరిగ్గా అందుకే ఆటగాడి మోకాటి పుండును నేను తేలిగ్గా తీసుకోలేను. వాడు పడిన నేలా, షుగర్ ఉన్న వాళ్ల నాన్న మిరపకు నీళ్లు కట్టే నేలా ఒకటే. పిల్లవాడి చీములో ఈ క్రిమి దొరికితే అది ఆ ఇంటికీ, ఆ ఊరికీ ముందుగా అందిన కబురు.

ఆ కబురు మనకు అందడం లేదు. మానని పుండుకు మందుల షాపులో అమాక్సిసిలిన్ ఇస్తారు, ఆర్‌ఎంపీ జెంటామైసిన్ సూది వేస్తాడు. ఈ క్రిమి సాధారణంగా రెండింటికీ లొంగదు. జ్వరం వస్తే వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అనేస్తారు. సెలైన్ ఎక్కించుకుని, జోనల్ పోటీలున్నాయని వారానికే బరిలోకి వచ్చే పిల్లలున్నారు. జబ్బు లోపలికి పాకితే సెఫ్టాజిడైమో, మెరోపెనెమో కనీసం 10 నుంచి 14 రోజులు నరానికి ఎక్కించాలి. ఆ తర్వాత మూడు నెలలు మాత్రలు మింగించాలి.

ఆటగాళ్ల జబ్బును ఆటతో కలిపి చూసినచోటు ఒకటుంది. 1998లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, భారీ వానల తర్వాత ఒక చెరువులో ఈత కొట్టిన ట్రయాథ్లాన్ క్రీడాకారులకు జ్వరాలు వచ్చాయి. వాళ్లు తలో ఊరికి వెళ్లిపోయారు. ఆరోగ్య శాఖవాళ్లు 834 మందిని వెతికి పట్టుకుని అడిగితే 98 మంది జబ్బుపడ్డారని తేలింది. అది మెలియాయిడోసిస్ కాదు, లెప్టోస్పైరోసిస్, మన డెల్టాకు తెలిసిన జబ్బే. ఆ జ్వరాలన్నిటినీ కలిపిన దారం ఆ పోటీయే. మన పిల్లలు కూడా మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి తిరిగి ఇళ్లకు చేరతారు. ఆ తర్వాత ఎవరికి జ్వరం వచ్చిందో రాసే పుస్తకం ఏ పీఈటీ దగ్గరా నేను చూడలేదు.

నీళ్లు నిలిచిన బరి మీద ఆడించవద్దు. గాయాన్ని మంచినీళ్లు, సబ్బుతో కడిగి కట్టు కట్టాలి, ఆ మట్టి అద్దనివ్వకూడదు. వీటికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. నేను ఎక్కువగా అడిగేది డాక్టర్లను.

మెలియాయిడోసిస్ క్రిమి ల్యాబ్ పళ్లెంలో నెమ్మదిగా పెరుగుతుంది, ముడతలు పడిన దాని రూపం తేలడానికి మూడు నాలుగు రోజులు పడుతుంది. తొందరపడితే ఏదో సూడోమోనాస్ అని రాసి పళ్లెం పారేస్తాం. చీము పంపేటప్పుడు చీటీ మీద పేరు, వయసుతో పాటు ‘తడినేల మీద కబడ్డీ ఆడాడు’ అని కూడా రాయండి. అది చదివితే పళ్లెం పారేయం, వారం దాకా ఉంచి చూస్తాం.