ఊరి పేరుకు సిగ్గెందుకు?

హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే బస్సు మన్ననూరు దాటి నల్లమలలో చాలా దూరం పోయాక దోమలపెంట వస్తుంది, ఆ తర్వాత ఈగలపెంట. ఆ దారిన కొత్తగా వెళ్ళేవాళ్ళు బోర్డు చూసి నవ్వుతారు. పిల్లలైతే పక్కవాళ్ళను తట్టి మరీ చూపిస్తారు. ఒక ఊరికి దోమలు, ఇంకో ఊరికి ఈగలు, రెండింటికీ తోడు పెంట! ఈ పేర్లేం బాగాలేవు, మార్చాలి అన్న మాటా వినిపిస్తూ వచ్చింది.

కానీ నల్లమలలో పెంట అంటే చెత్తకుప్ప కాదు. చెంచుల గూడేన్ని పెంట అంటారు. అప్పాపూర్ పెంట, భౌరాపూర్ పెంట అలా అడవి లోపల చెంచులు కాపురముంటున్న చోట్లే. ఆ మాట వాళ్ళది, ఆ అడవిది. మైదానంలో వ్యవసాయం చేసుకునే ఇంట్లోనైనా పెంట అసహ్యించుకునే వస్తువు కాదు. బండ్లకెత్తి చేనికి తోలే ఎరువు అది. పెరట్లో పెంటకుప్ప పెద్దదైతే కొట్టంలో పశువులు బాగా ఉన్నట్టు లెక్క. పశువులూ చేలూ లేని చోటికి వచ్చాకే ఆ మాట మనకు తిట్టయింది.

తాడేపల్లిగూడెం దగ్గర పెంటపాడు ఉంది. నేటి అర్థాలతో చదివితే రెండు ముక్కలూ చెడ్డవే. ఊళ్ళ పేర్లలో మాత్రం ఆ రెండూ మనుషులు నిలదొక్కుకున్న చోటును చెప్పే మాటలు. పాడు శాసనాల కాలం నుంచీ ఊరి పేర్ల చివర వస్తున్న మాట. ఆ లెక్కన చూస్తే ఆంధ్రదేశంలో ‘పాడు’ ఊళ్ళు ఎన్ని లేవు! అవన్నీ పాడుబడ్డవి కావు. ప్రోలు సంగతీ అంతే. భట్టిప్రోలు, చేబ్రోలు అని రోజూ పలుకుతాం. ప్రోలు అంటే పట్టణమని ఎంతమందికి తోస్తుంది? వాడుకలోంచి ఎప్పుడో వెళ్ళిపోయిన తెలుగు మాటలు ఊళ్ళ పేర్లలో ఇంకా బతికే ఉన్నాయి. నిఘంటువు విప్పకుండానే మనం రోజూ వాటిని పలుకుతున్నాం.

ఈ పేర్లలో నాకు అన్నిటికంటే విలువైనవి నీటి పేర్లు. తెలుగువాడు నీటిని ఎంత దగ్గరగా చూశాడో అవి చెబుతాయి. నిలిచిన నీటికే కుంట, గుంట, చెరువు, మడుగు అని ఎన్నో పేర్లు. జమ్ము పెరిగిన మడుగు పక్కన ఊరు వెలిస్తే జమ్మలమడుగు. గుంటల్లో నీళ్ళు ఎర్రమట్టి రంగు తేలితే ఎర్రగుంట్ల. మంజీర పాయలుగా చీలిన చోట ఏడుపాయల. గోదావరి నడుమ మేట వేసిన నేల లంక, సముద్రం దగ్గర పల్లపు ఉప్పునేల పర్ర. కోనసీమలో, కొల్లేటి చుట్టూ ఊళ్ళ పేర్లు వరసగా చదువుకుంటూ పోతే ఎక్కడ మెరకో, ఎక్కడ పల్లమో సర్వేయరు చెప్పక్కర్లేదు. ఊరి పేరులో కుంట ఉందంటే అక్కడ ఒకప్పుడు నీళ్ళు నిలిచాయన్నమాటే. హైదరాబాదులో నల్లకుంట అనే పేరుంది, కుంట కనబడదు. మాసాబ్ ట్యాంక్‌లో ట్యాంక్ లేదు, పార్కు ఉంది. ప్లాటు కొనేవాడు దస్తావేజులతోపాటు ఆ చోటి పాత పేరు కూడా అడిగి తెలుసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

జంతువుల పేర్లూ అంతే నిజాయితీగా పుట్టాయి. విశాఖపట్నం దారిలో నక్కపల్లి, పెడన దగ్గర కప్పలదొడ్డి, గెలాక్సీ గ్రానైటు రాయితో ప్రపంచానికి తెలిసిన చీమకుర్తి. పులివెందుల అసలు పేరు పులిమందల అని అక్కడివాళ్ళు చెబుతారు. మందలుగా పులులు తిరిగాయో లేదో గానీ, ఆ మెట్ట నేల ఒకప్పుడు అడవి అన్న జ్ఞాపకం మాత్రం ఆ పేరులో ఉంది. చీపురుపల్లి, పిడుగురాళ్ళ లాంటి పేర్లు పెట్టినవాళ్ళు కవిత్వం చెప్పాలనుకోలేదు. ఫలానా చోటికి రా అని పిలిచేటప్పుడు ఎదుటివాడికి గుర్తు దొరకాలి. కంటికి ఏది ముందు కనబడితే దాన్నే పేరు చేశారు.

అయితే పేరుకు కథ అల్లుకోవడం కూడా మనవాళ్ళకు ఇష్టమే. సీత జాడ రాముడు విన్న కొండ కాబట్టి వినుకొండ అంటారు. రెక్కలు తెగిన జటాయువుతో రాముడు ‘లే పక్షీ’ అన్నాడు కాబట్టి లేపాక్షి అంటారు. బొబ్బిలి కథ ఇంకొంచెం చరిత్రకు దగ్గరిది. షేర్ మహమ్మద్ ఖాన్ దయతో జమీను సంపాదించిన పెద్దారాయుడు, షేర్ అంటే పులి కనుక ఆయన పేరు మీద కోటకు పెద్దపులి అని పెట్టాడనీ, అదే పెబ్బులి, బెబ్బులి అయి బొబ్బిలిగా నిలిచిందనీ చెబుతారు. స్థలపురాణాన్నీ శాసనాన్నీ ఒకే గాటన కట్టకూడదు. శాసనం ఊరి వయసు చెబుతుంది, పురాణం ఆ ఊరివాళ్ళ మనసు చెబుతుంది. రెండింటినీ దాచుకోవాలి, దేని అరలో దాన్ని.

ఆ దాచే పని మనకు కొత్తేమీ కాదు. రెండు వందల ఏళ్ళ కిందటే సర్వేయరు కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు ఊరూరా కరణాల దగ్గర కైఫియత్తులు, అంటే ఊళ్ళ వృత్తాంతాలు, రాయించారు. ఊరు ఎవరు కట్టారు, ఆ పేరు ఎందుకొచ్చింది అన్నది వాటిలో మొదటగా వచ్చే సంగతుల్లో ఒకటి. మన కాలంలో కథారచయిత కేతు విశ్వనాథరెడ్డి కడప జిల్లా ఊళ్ళ పేర్ల మీదే పరిశోధన చేసి డాక్టరేటు తీసుకున్నారు. ఆ సీమ మనుషుల గురించి అంత నిక్కచ్చిగా కథలు రాసిన మనిషి ఊరి పేర్ల దగ్గర అన్నేళ్ళు కూర్చోవడంలో వింతేమీ లేదు. ప్రతి జిల్లాకూ అలాంటి పుస్తకం ఒకటి ఉండాలి. ఎన్ని జిల్లాలకు ఉంది?

హైదరాబాదు పేర్లది వేరే రకం గమ్మత్తు. నిజాం సైన్యాన్ని నడిపి 1798లో చనిపోయిన ఫ్రెంచివాడు రేమండ్‌ను జనం ముసా రహీం అన్నారు, ముసా రాం అన్నారు. ఆయన తోట మూసారాంబాగ్ అయింది. ఆరో నిజాం కొలువులో ఉన్న ఆర్మీనియా వాడు ఆల్బర్ట్ అబిడ్ నడిపిన దుకాణం వల్ల అబిడ్స్ వచ్చింది. నోరు తిరగని పేరును తన నోటికి తగ్గట్టు మార్చుకుని, ఆ పరాయివాణ్ణి కూడా తనవాణ్ణి చేసుకున్న నగరం అది.

ఇంకో ముచ్చట ఇంటిపేర్లది. గురజాడ, కందుకూరి, పిల్లలమర్రి ఇవన్నీ ముందు ఊళ్ళు, తర్వాత ఇంటిపేర్లు. ఊరు వదిలి వచ్చిన కుటుంబం ఊరినే పేరుగా మోసుకొచ్చింది. చిత్తూరు వైపు పోతే తిరగబడుతుంది. అక్కడ నారావారిపల్లెలా ఇంటివాళ్ళే ఊరికి పేరవుతారు. రేణిగుంట నుంచి అరక్కోణం పోయే రైలు దారిలో వెంకటనరసింహరాజువారిపేట అనే స్టేషను ఉంది. దేశంలోనే పొడుగైన స్టేషను పేరుగా చాలాకాలం చెప్పుకున్నారు. ఒక మనిషి పేరంతా, దాని వెనక ‘వారి’ అనే మన్ననతో సహా ఆ బోర్డు మీద ఉంది. ఒక్క అక్షరం తగ్గించినా మర్యాద తగ్గినట్టే.

ఆ తగ్గించడమే ఇప్పుడు జరుగుతోంది. శృంగవరపుకోట ఎస్.కోట అయింది, గొల్లల మామిడాడ జి.మామిడాడ అయింది. ఇంకొక తరం పోతే ఆ పొడి అక్షరాల వెనక ఏముందో చెప్పేవాళ్ళుండరు. పేరు ఇంగ్లీషులోకి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి వచ్చేసరికి ళ కాస్తా ల అవుతుంది. కొత్త కాలనీలకు, వెంచర్లకు ఎక్కడైనా ఒకే పేర్లు. ఏ జిల్లాలో ఉన్నామో తెలియదు. ఇవన్నీ సదుపాయం పేరుతో జరుగుతున్న నష్టాలు.

ఒక్క విషయంలో మాత్రం నా అభిప్రాయం వేరు. కులాన్ని చూపి మనుషులను కించపరచడానికి ఇతరులు తగిలించిన పేర్లు కొన్ని ఉన్నాయి. వాటిని ఉంచాలో తీసేయాలో ఆ వాడల్లో బతికేవాళ్ళే చెప్పాలి, మిగతావాళ్ళు వినాలి. ఈగకూ దోమకూ కుంటకూ అలాంటి మచ్చ లేదు. బోర్డు చూసి దారినపోయేవాడు నవ్వుతాడని ఏ ఊరూ పేరు మార్చుకోనక్కర్లేదు.

పాఠకులకు ఒక మనవి. ఈ సెలవుల్లో ఊరికి వెళితే, ఊరి పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్ళనడిగి రాయండి. అక్కడితో ఆగకండి. పొలాలకు, దిబ్బలకు, బావులకు, వాగు మలుపులకు కూడా పేర్లుంటాయి. వాటిలో చాలావరకు ఏ రికార్డులోనూ ఉండవు. చెప్పినవాళ్ళ మాట చెప్పినట్టే, యాస మార్చకుండా, ళ పోగొట్టకుండా రాసి పంపండి. వచ్చినవన్నీ ఈ పత్రికలో వరసగా వేస్తాం.