పెరటి గోడ మీది గ్లాసు

హైదరాబాద్ సైనిక్‌పురిలో మా వీధి ఇళ్లు చాలావాటిలో, పెరట్లో పంపు పక్కన గోడ మీద ఒక స్టీలు గ్లాసు బోర్లించి ఉంటుంది. పనామె టీ తాగే గ్లాసు అది. తాగేదీ ఆమే, కడిగి బోర్లించేదీ ఆమే. వేరుగా ఎందుకని అడిగితే “శుభ్రత కోసం” అంటారు.

ఆ చేతులే రోజూ మన కంచాలు తోముతాయి, మన కూరలు తరుగుతాయి, మన పిల్లల టిఫిన్ డబ్బాలు కడుగుతాయి. ఆ చేతులతో రాని మైల పెదవులతో వస్తుందా? సబ్బుకి ఇంటివాళ్ల ఎంగిలీ పనామె ఎంగిలీ ఒకటే. జబ్బు భయమంటారా? తెలంగాణలో తొలి కోవిడ్ కేసు 2020 మార్చి 2న బయటపడింది. దుబాయి వెళ్లొచ్చిన ప్రయాణికుడితో వచ్చింది. పాస్‌పోర్టు ఉన్నవాళ్లతో వచ్చిన జబ్బుకి, గేటు మూసింది మాత్రం బస్తీ నుంచి నడిచొచ్చేవాళ్లకి.

శుభ్రత పైమాట. లోపలున్నది 1950లోనే రాజ్యాంగం 17వ అధికరణం రద్దుచేసిన అంటరానితనం. ఇప్పుడు కులం అడగకుండానే గ్లాసు వేరు చేస్తున్నారు. జీతానికి గిన్నెలు తోమితే చాలు.

దీనికి దన్నుగా నిలిచే మాట ఒకటుంది: “పెట్టి పుట్టాలి.” పోయిన జన్మలో పెట్టినవాళ్లకే ఈ జన్మలో కలిమి అని. ఈ మాట వింటే నాకు కోపం వస్తుంది. పోయిన జన్మకి సాక్ష్యం లేదు. ఈ కాలనీ కలిమికి కాగితాలున్నాయి. మాజీ సైనికుల కోసం వెలసిన చోటు ఇది. దగ్గర్లోనే 1967లో ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ వచ్చింది, నగరం ఇటు పాకింది, నేల ధర పెరిగింది. ఆనాడు స్థలం దొరికినవాళ్ల మనవలకి ఈనాడు అద్దెలొస్తున్నాయి. ఆ ఇళ్లకి ఇటుకలు మోసిన కూలీల మనవలు అద్దె కడుతున్నారు. ఇది అర్థం కావడానికి రిజిస్ట్రేషన్ దస్తావేజు చాలు, జన్మలు అక్కర్లేదు.

ఇలాంటి నమ్మకాల విషయంలో నాస్తికవాది గోరా వాదనతో ఆగిన మనిషి కాదు. దయ్యాలున్నాయన్న ఇంట్లో కాపురం పెట్టాడు. గర్భిణిగా ఉన్న భార్య సరస్వతి గ్రహణం వేళ బయటికి వచ్చింది. 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, కులాలన్నిటినీ ఒకే పంక్తిలో కూర్చోబెట్టి అన్నం పెట్టాడు. నమ్మకాన్ని చేసి చూసి తేల్చే పద్ధతి అది.

మా ఇంట్లోనూ చేసి చూశాం. గోడ మీది గ్లాసు తీసేసి, అందరి గ్లాసులతో కలిపేశాం. ఎవరికీ జ్వరం రాలేదు. కుర్చీ వేసి టీ ఇచ్చిన మొదటి రోజు మాత్రం ఆమె కూర్చోలేదు. “వద్దులేమ్మా” అంటూ, గుమ్మం పక్కన నిలబడే తాగింది.